రాత్రి చెరువు కాపలా, తగ్గిన కోరిక: సమాధానం

తమ్ముడూ, భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద రాత్రంతా ఏరేటర్లు చూసుకుంటున్నానని, సెక్స్ మీద కోరిక తగ్గిందని, సాయంత్రం చేయించిన రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తక్కువొచ్చిందని రాశావు. ఆ ఒక్క రిపోర్టుకే టెన్షన్ పడకు. ఈ హార్మోన్ నిద్రలో పెరిగి, సాయంత్రానికి తగ్గుతుంది. నిద్ర చాలకపోతే పెరగాల్సినంత పెరగదు, కోరికా మందగిస్తుంది.

ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం: హార్మోన్ కోరికను మారుస్తుంది, కోరికా హార్మోన్‌ను మారుస్తుంది. కోరిక కలిగినప్పుడు మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలను పనిచేయించే హార్మోన్ ఎల్‌హెచ్ ఎక్కువై, వృషణాల్లో టెస్టోస్టెరాన్ కాసేపు పెరగొచ్చు. స్కలనం తర్వాత అదే గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ పెరుగుతుంది.

ముందు కొన్నాళ్లు కాపలా ఇంకొకరికి అప్పగించి రాత్రిళ్లు పడుకో. తర్వాత పొద్దున్నే పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో పరీక్ష చేయించు. మళ్లీ తక్కువొస్తే ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించు, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ కూడా చూస్తారు.

ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మాత్రం వేయించుకోకు. అది పడితే ఎల్‌హెచ్ అణిగిపోయి వీర్యకణాలు తగ్గిపోతాయి. పిల్లల కోసం చూస్తున్నామన్నావు కదా!