పిల్లల్ని విమానం ఎక్కించే ముందు

చిన్నీ,

విద్యార్థుల్ని విమానం ఎక్కించి మేఘాల కొలతలు నేర్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. 2009లో పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ కైపీక్స్ పేరుతో మేఘాల్లోకి విమానం పంపినప్పుడు నువ్వింకా బళ్లో ఉన్నావు. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

బ్రీఫింగ్, బెల్టులు, కాలిబ్రేషన్ నీకు చెప్పక్కర్లేదు. విమానం సెకనుకు 100 మీటర్ల వేగంలో వెళ్తుంటే గాలి గుద్దుకుని వేడెక్కి థర్మామీటర్ దాదాపు 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది కదా, ఆ లెక్క పిల్లల చేతే కాగితం మీద చేయించు.

గడియారాల సంగతి మాత్రం శ్రద్ధగా విను. నాకు తెలిసిన ఒక బృందం థర్మల్ ప్లాంట్ పొగను అడ్డంగా కోస్తూ అటూ ఇటూ ఎగిరింది. జీపీఎస్ టైముకు, గాలిలో వాయువుల్ని కొలిచే గ్యాస్ అనలైజర్ కంప్యూటర్ టైముకు 12 సెకన్ల తేడా ఉందని ఎవరూ చూసుకోలేదు. అంటే సెకనుకు 100 మీటర్ల లెక్కన 1.2 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు పొగ ఒక పక్కకు జరిగింది, తిరిగొచ్చేటప్పుడు రెండో పక్కకు. మ్యాపు మీద ఒక్క చిమ్నీకి రెండు పొగలు! ఆ బృందంలోని కుర్రాడు పాపం, గాలి దిశ మారిందని పేజీలకు పేజీలు రాశాడు. తప్పు వాడిది కాదు, నేర్పినవాళ్లది. అందుకే టేకాఫ్‌కు ముందు అన్ని కంప్యూటర్లనీ జీపీఎస్ టైముకు కలిపించు. బయటి గాలిని ట్యూబులోకి లాగే ఇన్‌లెట్ దగ్గర ఒకణ్ణి నోటితో ఊదమను. ఊదాక ఎన్ని సెకన్లకు స్క్రీన్ మీద కార్బన్ డయాక్సైడ్ ఎగిరిందో రాయించు, అదే ట్యూబు ఆలస్యం. పైకెళ్లాక ట్యూబులో గాలి ఫ్లో మారితే అదీ మారుతుంది. నోట్‌బుక్‌లో చేత్తోనే రాయాలి, కంప్యూటర్ రాసుకుంటుందిలే అంటే ఊరుకోకు.

నా అసలు భయం వేరే. మేఘం అందంగా కనిపిస్తే "మేడమ్, ఇంకొక్కసారి" అంటారు. సున్నాకి దిగువన కూడా గడ్డకట్టని నీటి చుక్కలు రెక్కకు తగలగానే మంచవుతాయి. పైలట్ వద్దంటే వద్దు, బేరాల్లేవు. ఆయనతో మాట్లాడే హెడ్‌సెట్ నీ దగ్గరే ఉంచుకో. పిల్లల గోల ఆయన చెవిన పడనివ్వకు. మొండితనం నీకూ తక్కువేం లేదు, నాకు తెలుసు.

వాంతుల మాత్ర ఎక్కాక కాదు, ముందే వేసుకోవాలి. తిరుమల ఘాట్ రోడ్డులో నా కొత్త చొక్కా నాశనం చేసింది నువ్వే కదా తల్లీ! పిల్లల ముందు మాత్ర వేసుకోడానికి సిగ్గుపడకు, నువ్వు వేసుకుంటేనే వాళ్లూ వేసుకుంటారు.

మొదటి ఫ్లైట్ తేదీ నాకే చెప్పు. మీ పెద్దమ్మకు దిగాక చెబుదాం.

పెదనాన్న