పిరం తప్పా? ముక్కుతో డబ్బు కట్టడమేంటి?

సందేహం: అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వెళ్తున్నాను. డబ్బు, ధరల మీద ఇంగ్లిష్ జాతీయాలు ఓ పాతిక ఇచ్చి తెలుగులో రాసుకు రమ్మన్నారు. ‘కాస్ట్ యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’కి ‘చేయీ కాలూ ఖరీదు చేసింది’ అని, ‘పే త్రూ ద నోస్’కి ‘ముక్కు ద్వారా చెల్లించడం’ అని రాశాను. తిరిగి చదివితే నాకే అర్థం కాలేదు. పైగా ‘డియర్’ దగ్గర ‘పిరం’ అని రాస్తే అది తెలుగే కాదు, ‘ఖరీదు’ అని రాయమని కొట్టేశారు. మా ఇంట్లో అందరం పిరం అనే అంటాం. తప్పా? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

సమాధానం: ముందు పిరం సంగతి చూద్దామమ్మా, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అదే.

పిరం తప్పు కాదు. సంస్కృతం నుంచి వచ్చిన ‘ప్రియం’ జనం నోట్లో నలిగి పిరం అయింది. ప్రియం అంటే ఇష్టం ఒక్కటే కాదు, ఎక్కువ ధర అనే అర్థం కూడా తెలుగులో పాతదే, ‘బియ్యం ప్రియమైపోయాయి’ అని కోస్తాలో పెద్దవాళ్లు అనడం నేను చాలాసార్లు విన్నాను. ఇంగ్లిష్ ‘డియర్’ కూడా సరిగ్గా ఇలాంటి మాటే, ఉత్తరం మొదట్లో రాస్తే ప్రియమైన, సరుకు గురించి అంటే పిరమైన. ఒకే మాటలో ఇష్టమూ ఎక్కువ ధరా రెండూ ఇమిడిన చోట, అవే రెండు అర్థాలున్న తెలుగు మాట మీకు ఇంట్లోనే దొరికింది. అంతకన్నా మంచి అనువాదం నేను చెప్పలేను. ఇక దాని బదులు రాయమన్న ‘ఖరీదు’ పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది, అక్కడ దానికి కొనుగోలు అని అర్థం. అదీ మన మాటే అయిపోయింది, వాడుకోవచ్చు, కానీ దాన్ని నిలబెట్టడానికి పిరాన్ని కొట్టేయక్కర్లేదు. చౌకకు మనం అనే ‘అగ్గువ’ కూడా అంతే, కన్నడంలో ‘అగ్గ’ అంటే చౌక. పక్క భాషలో చుట్టాలున్న పాత మాట అది, దాన్ని మోటు మాట అనుకుని దాచుకోకండి.

2023 జూలైలో టమాటా కిలో వంద దాటిన రోజుల్లో ఎర్రగడ్డ రైతుబజార్‌లో నా పక్కన నిలబడ్డ ఒకామె ‘గింత పిరమా? మొన్ననే గదా ఇరవైకి ఇస్తివి’ అంటూ తీసుకున్న నాలుగు కాయల్లో రెండు మళ్లీ కుప్పలో పెట్టేసింది. ‘ధర ఖరీదుగా ఉంది’ అని ఆమె అనలేదు, చూడండి. వస్తువు ఖరీదైనది, ధర ఎక్కువ. ధర ఖరీదుగా ఉండదు. ఇంగ్లిష్‌లోనూ ‘ద ప్రైస్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’ అంటే తప్పు పడతారు, ‘హై’ అనాలి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే రెండు భాషల్లోనూ తప్పు పోతుంది.

ఇప్పుడు చేయీ కాలూ. ఇక్కడ చాలామంది ‘ధరలు ఆకాశాన్నంటాయి’ అని రాసేస్తారు, అది సరిపోదు. మండిపోవడం, కొండెక్కడం, చుక్కలనంటడం, ఇవన్నీ బజారులో ధర ఏం చేస్తోందో చెప్పే మాటలు. ‘ఆర్మ్ అండ్ లెగ్’ కొన్నవాడికి ఏమైందో చెప్తుంది. కాబట్టి తెలుగులోనూ కొన్నవాడి వైపు నుంచే రావాలి: ‘ఫోన్ స్క్రీన్ మార్పిస్తే బాగా చమురు వదిలింది’. ఈ చమురు దీపాల కాలం నాటిది. ‘చేతిచమురు భాగవతం’ అని ఇంకో మాట ఉంది, ఆట ఆడినవాళ్లకు రాబడి లేకపోగా దివిటీకి నూనె కూడా వాళ్లే పోసుకోవడం. ఇంగ్లిష్‌లో ‘అవుట్ ఆఫ్ పాకెట్’ అనే చోట దీన్ని చక్కగా వాడొచ్చు. ‘తడిసి మోపెడయింది’ అనేది మాత్రం జాగ్రత్తగా వాడండి. గడ్డి మోపు తడిస్తే మొదట ఎత్తుకున్నప్పటి బరువు ఉండదు, అలాగే అనుకున్న ఖర్చు పోనుపోను పెరిగితేనే ఆ మాట. ఫంక్షన్ హాలు అని మొదలుపెట్టి డెకరేషన్, జనరేటర్, క్లీనింగ్ చార్జీ అంటూ కలుపుకుంటూ పోతే తడిసి మోపెడు. ఒక్క దెబ్బలో కొన్న చెప్పుల జతకు కాదు.

ముక్కు దగ్గరికి వస్తే మీరు చాలా దగ్గరదాకా వెళ్లి ఆగిపోయారు. తెలుగులో ‘ముక్కుపిండి వసూలు చేయడం’ ఉంది కదా! కట్టేవాడి బాధ ఇంగ్లిష్ చెప్పింది, వసూలు చేసేవాడి పట్టు తెలుగు చెప్పింది. ముక్కు ఒకటే గానీ మాట్లాడే మనిషి మారాడు. అందుకని వాక్యం తిప్పుకోవాలి: ‘అడ్వాన్సు ఎక్కువ కట్టాల్సి వచ్చింది’ అనే చోట ‘ఇంటి ఓనరు అడ్వాన్సు ముక్కుపిండి తీసుకున్నాడు’ అనండి, తెలుగులా వినిపిస్తుంది. ‘డేలైట్ రాబరీ’ని పట్టపగటి దోపిడీ అంటే తప్పేం లేదు, కానీ మనకు ‘నిలువుదోపిడీ’ ఉంది. తిరుమలలో ఒంటిమీదున్న నగలన్నీ హుండీలో వేస్తామని మొక్కుకోవడం నిలువుదోపిడి. ఇష్టంగా దేవుడికిచ్చే మొక్కుకీ, ఇష్టం లేకుండా దోచుకుపోవడానికీ ఒకటే పేరు.

‘నాట్ ఎ రెడ్ సెంట్’ అని మీ పాతికలో ఉందో లేదో గానీ, నాకు చాలా ఇష్టమైన జత అది. అమెరికా వాళ్ల సెంటు ఒకప్పుడు రాగిది కాబట్టి ఎర్రది. మన పాతకాలపు చిన్న నాణెం ఏగాని కూడా రాగిదే కాబట్టి ‘ఎర్ర ఏగానీ లేదు’. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఒకే రంగు దగ్గరికి వచ్చారు. గవ్వలు చెల్లిన రోజుల నుంచి ‘చిల్లిగవ్వ’ మిగిలింది. 1957లో రూపాయికి నూరు పైసలు వచ్చి అణాలు పోయాయి, నిజాం కాలపు హైదరాబాద్ రూపాయి హాలీ సిక్కా 1959తో ఆగిపోయింది, పావలా బిళ్ల 2011 నుంచి చెల్లదు. అయినా పనికిరాని ఐడియాను ఇవాళ్టికీ ‘అణాకు కొరగాదు’ అంటాం.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పితే డబ్బే పోతుంది. ‘రెండు రూపాయల వడ్డీ’ని ఇంగ్లిష్‌లో ‘టూ రుపీస్ ఇంట్రెస్ట్’ అనకండి, విన్నవాళ్లు మొత్తం వడ్డీ రెండు రూపాయలే అనుకుంటారు. అది నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. నూటికి, నెలకు అనే రెండు మాటలూ తెలుగులో చెప్పకపోయినా అందరికీ తెలుసు, ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు వాటిని బయటికి తీసి ‘టూ పర్సెంట్ ఎ మంత్’ అని చెప్పాలి.