చేతిరాత ఫాంట్లు చేస్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది చెన్నై, కోడంబాక్కం. అమ్మాయి ప్లస్‌టూ కామర్స్ చదువుతోంది. బ్రష్ పెన్‌తో గొలుసుకట్టు రాత ముత్యాల్లా రాస్తుంది. మా అన్నయ్య కూతురి శుభలేఖ కవర్ల మీద పేర్లన్నీ తనే రాసింది. ఇప్పుడు బీకామ్ వద్దు, చేతిరాత ఫాంట్లు తయారుచేస్తానంటోంది. మావారు ససేమిరా అంటున్నారు.

జవాబు: టెన్షన్ పడకండమ్మా. బీకామ్ మానేస్తే కొంపలేమీ మునగవు. కానీ ఫాంట్లు అమ్ముకునే బతుకుతానంటే మాత్రం నేనూ మీవారి పక్షమే. ఆ ఒక్క పనితో ఇల్లు గడుపుకునేవాళ్లు తక్కువ. ప్యాకేజింగ్, లోగోలు చేసే స్టూడియోలో ఉద్యోగం చేసుకుంటూ, దాంతోపాటు ఫాంట్లు చేస్తానంటే సరే.

అసలు బాగా రాయడం వేరు, ఫాంట్ చేయడం వేరు. గొలుసుకట్టు ఇంగ్లిష్‌లో చిన్న ‘ఓ’ పైన ముగుస్తుంది, ‘ఏ’ కింద గీత దగ్గర ముగుస్తుంది. రెండింటికీ పక్కన ‘ఎన్’ అతకాలి. రాసేటప్పుడు చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది, కంప్యూటర్‌కి ఆ తెలివి లేదు. అందుకే రెండు రకాల ‘ఎన్’లు గీసి, దేని పక్కన ఏది రావాలో కంప్యూటర్‌కి చెప్పే ఓపెన్‌టైప్ రూల్‌ని ఫాంట్‌లోనే రాయాలి. 1998లో వచ్చిన జాఫినో ఫాంట్ సొగసులో సగం, దాన్ని చేసిన జర్మన్ డిజైనర్ హెర్మన్ జాఫ్ ఒకే అక్షరానికి గీసిన రకరకాల రూపాల్లోనే ఉంది. తెలుగైతే వత్తులూ, గుణింతాలూ అదనం. ‘జ్యోత్స్న’ అని కొడితే వత్తు మీద వత్తు పడిందంటే ఆ ఫాంట్ శుభలేఖకి పనికిరాదు. మన చెన్నైలోనే ఉండి గీసిన బాపుగారి రాతను ఇప్పటికీ శుభలేఖలకి అడుగుతారు. అంత సొగసున్న కొత్త తెలుగు ఫాంట్లు చాలవు. మీ అమ్మాయికి చోటు అక్కడుందని నా అభిప్రాయం.

ఈ సెలవుల్లో ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో, అది ఉచితమే, 26 చిన్న ఇంగ్లిష్ అక్షరాలు చేసి అతుకులు సరిచూడమనండి. విసుగు లేకుండా కూర్చుందా, సగం జవాబు దొరికినట్టే. ఒకరోజు మన ప్యారీస్ కార్నర్ దగ్గర శుభలేఖల దుకాణాలుండే ఆండర్సన్ స్ట్రీట్‌కి తీసుకెళ్లి, శుభలేఖ నమూనాల్లో తప్పులు పట్టమనండి. గొలుసుకట్టులో పేరంతా క్యాపిటల్సే వేసినవీ, అక్షరాలు ఎడం చేసి అతుకులు తెంపినవీ, మండపం అడ్రసు కూడా ఆ వంకుల రాతలోనే వేసి చదవలేకుండా చేసినవీ కనిపిస్తాయి. అన్నట్టు, డబ్బు తీసుకుని చేసే పనిలో ‘పర్సనల్ యూజ్’ ఫాంట్లు, అంటే సొంత వాడకానికి మాత్రమే ఇచ్చేవి, వాడొద్దని గట్టిగా చెప్పండి.

చదువంటారా, ఎగ్మూరులో 1850లో మొదలైన ప్రభుత్వ లలితకళల కళాశాల ఉంది. అక్కడి విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ బీఎఫ్ఏ ఆమెకి సరిపోతుంది. డిజైన్ కోర్సుల్లో చేరడానికి పెట్టే ఎన్ఐడీ, యూసీడ్ ప్రవేశ పరీక్షలు కామర్స్ వాళ్లూ రాయొచ్చు. ఫాంట్లకంటూ విడిగా డిగ్రీ వెతకొద్దు. మీవారు మరీ పట్టుబడితే దూరవిద్యలో బీకామ్ కట్టించండి, రెండు డిగ్రీలు ఒకేసారి చేయడానికి 2022లోనే యూజీసీ ఒప్పుకుంది. ప్రవేశ పరీక్షలు మాత్రం ఆపకండి.