సైన్ విలోమమా, వ్యుత్క్రమమా?

సందేహం: తెలుగు మాధ్యమం పిల్లలకోసం ఫోన్ కాలిక్యులేటర్ వాడకం మీద చిన్న నోట్సు రాస్తున్నాను. ‘సైన్⁻¹’ను విలోమ సైన్ అనాలా, సైన్ విలోమం అనాలా, వ్యుత్క్రమ సైన్ అనాలా? ‘విలోమం కనుక్కోండి’ అని రాస్తే సగంమంది ‘ఒకటి బై ఎక్స్’ మీట నొక్కుతున్నారు. తప్పు మాటలో ఉందా?

సమాధానం: మాటలో కొంత ఉంది. దాన్ని వాక్యంలో పెట్టిన తీరులో ఎక్కువ ఉంది.

లోమం అంటే వెంట్రుక. పిల్లి వీపును తల నుంచి తోక వైపు నిమిరితే అనులోమం, తోక నుంచి తలకు నిమిరితే విలోమం. అంటే, వచ్చిన దారినే వెనక్కి పోవడం. సైన్ మీట కోణాన్ని పుచ్చుకొని నిష్పత్తిని (లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం బై కర్ణం) ఇస్తుంది: 30 డిగ్రీలు ఇస్తే 0.5. సైన్⁻¹ ఆ 0.5 పుచ్చుకొని 30 ఇస్తుంది. ఈ పనికి ‘విలోమ’ అన్నది అతికినట్టు సరిపోయే మాట. ఇంటర్ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ ‘విలోమ త్రికోణమితీయ ప్రమేయాలు’ అనే.

వ్యుత్క్రమం వేరు. వి + ఉత్క్రమం, యణాదేశ సంధి. క్రమం తిరగబడడం అని అర్థం. 4/5ను తలకిందులు చేస్తే 5/4, అది వ్యుత్క్రమం. సైన్ 30 విలువ 0.5 కదా, దాని వ్యుత్క్రమం 2. ఆ 2 కోణం కాదు, కోసెకెంట్ 30 విలువ. కాబట్టి ‘వ్యుత్క్రమ సైన్’ పనికిరాదు. పైగా మన జ్యోతిర్గణితంలో ‘ఉత్క్రమజ్య’ అని ఇంకొకటి ఉంది. వ్యాసార్ధంలోంచి కోటిజ్యను (కోసైన్‌కు పాత పేరు) తీసేస్తే మిగిలేది. ఆ పేరుకు దగ్గరగా మరో పేరు పెట్టి తంటా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక విలోమ సైన్, సైన్ విలోమం రెండూ సాధువులే. మొదటిది విశేషణం ముందున్న సమాసం, రెండోది ‘సైన్ యొక్క విలోమం’. తప్పయ్యేది మూడోది: ‘సైన్ 30 విలోమం’. సైన్ 30 ఒక సంఖ్య, ప్రమేయం (ఒకటి పుచ్చుకొని ఇంకొకటి ఇచ్చేది) కాదు. సంఖ్య పక్కన విలోమం కనబడగానే పిల్లలకు చిన్న తరగతుల్లో నేర్చుకున్న ‘గుణకార విలోమం’ గుర్తొస్తుంది. 5కు 1/5 రాసినట్టే ఇక్కడా తిరగేస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నెత్తిమీది ⁻¹ గుర్తు కూడా అదే మోసం చేస్తుంది. 5⁻¹ అంటే 1/5 అని చెప్పి, సైన్² అంటే సైన్ విలువకు వర్గమని చెప్పి, సైన్⁻¹ దగ్గరకొచ్చేసరికి ‘ఇది మాత్రం అది కాదు’ అంటున్నాం. 1813లో ఆంగ్లేయ గణితవేత్త జాన్ హెర్షెల్ పెట్టిన గుర్తు ఇది. పోయేది కాదు, మనమే జాగ్రత్తపడాలి.

మీ నోట్సులో ‘విలోమం కనుక్కోండి’ బదులు ‘సైన్ విలువ 0.8 అయ్యే కోణం ఎంత?’ అని రాయండి. దేనినుంచి దేనికి పోతున్నామో ఆ వాక్యంలోనే ఉంది. 5 మీటర్ల నిచ్చెన గోడమీద 4 మీటర్ల ఎత్తున ఆనింది, నేలతో దాని కోణం కావాలి. 4/5 అంటే 0.8. సైన్⁻¹ 0.8 అంటే 53.13 డిగ్రీలు. తిరగేసే అలవాటున్న పిల్లవాడు సైన్ 0.8 నొక్కి, దానికి ఒకటి బై ఎక్స్ కొడితే 71.62 వస్తుంది. చూడ్డానికి అదీ నిచ్చెన కోణంలాగే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. అందుకే జవాబుకు మళ్లీ సైన్ కొట్టించండి: సైన్ 53.13 దాదాపు 0.8 అవుతుంది, సైన్ 71.62 మాత్రం 0.95 దగ్గర తేలుతుంది.

మీటల సంగతి. కొన్ని ఫోన్లలో ‘ఐఎన్‌వీ’ అనీ, కొన్నింట ‘సెకండ్’ అనీ ఉంటుంది. దాన్ని నొక్కితే లెక్క జరగదు, మిగతా మీటల పేర్లు మారతాయంతే: సైన్ కాస్తా సైన్⁻¹ అవుతుంది. కనుక ‘ఇన్వర్స్ చేయండి’ అని రాయకండి. ‘ఐఎన్‌వీ నొక్కి, మారిన సైన్⁻¹ మీట నొక్కండి’ అని రెండు క్రియలతో రాయండి. సంఖ్య ముందా, మీట ముందా అన్నది ఫోన్‌నుబట్టి ఉంటుంది.

అంతకుముందే కోణం కొలత డిగ్రీలా, రేడియన్లు అనే ఇంకో కొలమానమా అని చూసుకోవాలి. చాలా ఫోన్లలో మీటమీద రాసి ఉండేది ఇప్పుడున్న పద్ధతి కాదు, నొక్కితే మారబోయే పద్ధతి. ఇక్కడ బోల్తాపడేవాళ్లు చాలామంది. సైన్⁻¹ 1 నొక్కి చూడమనండి: 90 వస్తే డిగ్రీలు, 1.5707 వస్తే రేడియన్లు. నిచ్చెన లెక్కకు 0.9273 వచ్చిందంటే అది తప్పుకాదు, రేడియన్లలో ఉన్న 53.13 డిగ్రీలే. 1.2కు సైన్⁻¹ అడిగితే ఎర్రర్ వస్తుంది. నిచ్చెనకన్నా ఎత్తులో నిచ్చెన ఆనదు కదా. సైన్ 150 కూడా 0.5 అయినా, వెనక్కి వస్తే ఫోన్ 30 మాత్రమే చెబుతుంది. దీన్ని ‘ప్రధాన విలువ’ అంటారు. గురుకోణం కావాలంటే 180లోంచి మనమే తీసెయ్యాలి.

జవాబు చదివేటప్పుడు ‘యాభైమూడు పాయింట్ పదమూడు’ అనిపించకండి. అది 53 డిగ్రీల 13 నిమిషాలు అయిపోతుంది. ‘పాయింట్ ఒకటి మూడు’ అనాలి. 0.13ను 60తో గుణిస్తే 7.8, అంటే 53 డిగ్రీల 7 నిమిషాల 48 సెకన్లు. పంచాంగం భాషలో 53 భాగలు, 7 కళలు, 48 వికళలు.

ఈ పనికి మనవాళ్ల పాత పేరు ‘చాపీకరణం’. సైన్‌కు పాత పేరు జ్య. జ్య అంటే వింటినారి, చాపం అంటే విల్లు. నారి పొడవునుబట్టి వింటి వంపును కనుక్కోవడం. కంప్యూటర్ భాషల్లో కనిపించే ‘ఆర్క్‌సైన్’లోని ఆర్క్ కూడా చాపమే. నాకైతే విలోమం కన్నా ఇదే ముచ్చటగా ఉంటుంది, కానీ పాఠ్యపుస్తకం ఒకటీ నోట్సు ఒకటీ అంటే పిల్లలు నలిగిపోతారు. విలోమమే ఉంచండి.

రెండు మాటలూ విడిగా ఉండక తప్పదని చూపించే లెక్క ఒకటి చేయించండి: కోసెకెంట్ విలువ 2 అయ్యే కోణం. ఫోన్లో కోసెకెంట్⁻¹ మీట ఉండదు. ముందు 2కు వ్యుత్క్రమం, 0.5. తర్వాత ఆ 0.5కు విలోమ సైన్, 30 డిగ్రీలు.