పలకలు ఎత్తకముందు ఇది చదువు

అమ్మడూ,

వదిన ఫోన్ చేసి అంతా చెప్పింది. ఎవరో వదిలించుకున్న పాత పూల్ టేబుల్, అదే కర్రతో బంతులు కొట్టి ఆడే బల్ల, ఇంటికి తెచ్చుకున్నావట. బంతిని ఎంత గట్టిగా కొట్టినా నీరసంగా పాకుతోందట. ఈ ఆదివారం క్లాత్ ఊడదీసి, కింద స్లేటు పలకలు కూడా ఎత్తి సంగతేంటో చూస్తానన్నావట. వినగానే గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం, దాచడమెందుకు, మురిసిపోయాను. ఈ ఇంట్లో పానా పట్టే ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

సరే, మురిపెం తర్వాత. ముందు తిట్లు.

పలకలెత్తమని ఎవరు చెప్పారే నీకు? బంతి నెమ్మదిగా పోవడానికీ పలకకీ ఏమిటి సంబంధం? మట్టం తప్పితే బంతి పక్కకు ఒరుగుతుంది. లేదా ఒకవైపు వెళ్లేటప్పుడు ఆగిపోయి, తిరిగొచ్చేటప్పుడు జోరుగా వస్తుంది. రెండువైపులా ఒకేలా ఈడుస్తోందంటే ఆ తప్పు పలకది కాదు. ఎనిమిది అడుగుల టేబుల్‌కి అంగుళం మందం స్లేటు మూడు ముక్కలుగా ఉంటే, ఒక్కో ముక్క దాదాపు 70 కిలోలు ఉంటుంది. మీ మావయ్య ఎడమచేతి చిటికెన వేలు వంకర చిన్నప్పుడు పట్టుకుని ఆడుకునేదానివి గుర్తుందా? అది పుట్టుకతో వచ్చిన వంకరని నీకెవరో చెప్పారు. కాదు. పలక దించుతుంటే అవతలి మూల పట్టుకున్న కుర్రాడు ఒక్క క్షణం ముందు వదిలేశాడు. అంతే. ఆయన నోట మాట రాలేదు, నేనే కేక వేశాను. ఇప్పటికీ ఎవరైనా స్లేటు అన్న మాట ఎత్తితే నా కళ్లు ముందు వాళ్ల వేళ్ల మీదకే పోతాయి. కాబట్టి పలకల జోలికి వెళ్లకు. ఇల్లు మారుతున్నా, మిన్ను విరిగినా, ఒంటరిగా మాత్రం వెళ్లకు.

ఇక అసలు సంగతి. బంతి వేగాన్ని తినేసేవి మూడే: బంతులు, క్లాత్, కుషన్లు (అదే, బంతి తగిలి వెనక్కి వచ్చే రబ్బరు అంచులు). మూడింటిలో ఏది తింటోందో తేలేదాకా దేన్నీ విప్పకూడదు. తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. దళసరి అట్టముక్క ఒకటి మధ్యకు మడిచి, ఒక కొస రెండు పుస్తకాల మీద, రెండో కొస క్లాత్ మీద ఆనించు. అట్ట మీద ఒక గీత గీసుకో. ఎప్పుడూ ఆ గీత దగ్గర్నుంచే బంతి వదలాలి, చేత్తో తొయ్యకూడదు. పుస్తకాల ఎత్తు సవరించుకుని, బంతి అవతలి కుషన్‌కి తగలకముందే ఆగేలా చూడు. ఎంత దూరం పోయిందో టేపుతో కొలువు. అదే బంతిని కడిగి మళ్లీ వదులు. దూరం బాగా పెరిగితే బంతులదే పాపం. తర్వాత అట్టను టేబుల్ రెండో చివరకు మార్చి అటునుంచి ఇటు వదులు. రెండు దూరాలకీ బాగా తేడా ఉంటే అప్పుడు మట్టం గురించి మాట్లాడుకుందాం. చివరగా ఎత్తు పెంచి, బంతి కుషన్‌కి తగిలి ఎంత వెనక్కి వస్తుందో చూడు. తగలకముందు చక్కగా దొర్లి, తగిలాక చచ్చుబడితే క్లాత్‌ని తిట్టి లాభం లేదు. అసలు కుషన్ దాకా వెళ్లడానికే ఆయాసపడుతుంటే కుషన్‌ని తిట్టి లాభం లేదు. మెకానిక్కులు కూడా చాలామంది ఈ ముక్క చూడకుండానే, క్లాత్ మార్చాలమ్మా అనేస్తారు.

బంతులు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి కడిగి, మెత్తని గుడ్డతో పొడిగా తుడువు. సామాన్లకు కొట్టే పాలిష్ స్ప్రేలు వాటికి కొట్టకు.

క్లాత్‌ని మెత్తని కుంచెతో పొడవు వెంట ఒకే దిశలో దులిపి, వాక్యూమ్ పట్టు. లోపల బ్రష్ గిర్రున తిరిగే రకం వాక్యూమ్ వద్దు, అది క్లాత్‌ని పీకి సాగదీస్తుంది. కుషన్ల ముక్కు, అంటే ముందుకు పొడుచుకొచ్చిన అంచు, కింద చెయ్యి పెట్టి చూడు, సగం దుమ్ము అక్కడే దాక్కుంటుంది. క్యూకి, అదే బంతిని కొట్టే కర్రకి, రాసే చాక్ అసలు సుద్దే కాదు తెలుసా? 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే ఇద్దరు పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ అందులో ఉండేది సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గరుకు పొడులే. అది క్లాత్ పోగుల మధ్య కూర్చుని బంతిని పట్టుకుంటుంది, పోగుల్నీ అరగదీస్తుంది. అందుకే చాక్‌ని టేబుల్ మీద పట్టుకుని క్యూకి రాయకు, పక్కకు తిరిగి రాసుకో. ఈ మాట నీ స్నేహితులకి కూడా గట్టిగానే చెప్పు, మొహమాటపడకు.

ఇప్పుడు తేమ. తేమ అనగానే మీ నాన్న చేసిన ఘనకార్యం చెప్పకుండా ఉండలేను. తను నీకు చచ్చినా చెప్పడు.

పెళ్లికి ముందు అన్నయ్య కూడా నీలాగే ఒక పూల్ టేబుల్ తెచ్చిపెట్టుకున్నాడు. ఎండల్లో బ్రహ్మాండంగా ఆడింది. వానలు పట్టగానే బంతులు మొరాయించాయి. క్లాత్ ఉన్నితో చేసింది కదా. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడా చేతికి తడి తెలియనివ్వదు. ఆ సంగతి తనకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే: స్నూకర్ హాల్లో మ్యాచ్‌కి ముందు మార్కర్ (టేబుళ్లు చూసుకునే మనిషి) క్లాత్‌ని ఇస్త్రీ చెయ్యడం కళ్లారా చూశాడు. ఇస్త్రీ చేస్తే స్పీడొస్తుందని మనసులో పడిపోయింది. స్నూకర్ క్లాత్‌కి ఒక దిక్కుగా పడుకునే నూగు ఉంటుందనీ, దాన్ని దువ్వి పడుకోబెట్టడానికే ఆ ఇస్త్రీ అనీ, దానికి వేడి అదుపులో ఉండే ప్రత్యేకమైన పెట్టె ఉంటుందనీ ఎవరినైనా అడిగితే కదా. ఇంట్లో చొక్కాల ఇస్త్రీ పెట్టె తీశాడు, వేడి పైకి తిప్పాడు, టేబుల్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తోసేశాడు.

విచిత్రం ఏంటంటే, పనిచేసింది! ఆ సాయంత్రం బంతులు పరుగులు తీశాయి. వేడికి తేమ ఆవిరైపోయింది మరి. తెల్లారేసరికి ఉన్ని మళ్లీ గాలిలో తేమ తాగేసింది, బంతి మళ్లీ మొదటికి. మళ్లీ ఇస్త్రీ. ఊళ్లో వాళ్లందరికీ చెప్పుకున్నాడు, చిట్కా కనిపెట్టానని. వెంటనే చెడిపోయి ఉంటే అప్పుడే ఆపేసేవాడు. మొదటిసారి పనిచెయ్యడమే కొంప ముంచింది.

కొన్నాళ్లకి క్లాత్ మీద అడ్డంగా ఒక నల్లని గీత తేలింది. మెల్లగా వచ్చే బంతి సరిగ్గా అక్కడికి రాగానే టిక్కుమని చప్పుడు చేసి దారి మళ్లేది. ఆ గీత పలకల అతుకు. అతుకుల్లో తేనెమైనం కరిగించి పోసి, చెక్కి, చదును చేసి ఉంటుంది. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. ఉన్ని బట్టకు పెట్టే ఇస్త్రీ వేడి అంతకు రెట్టింపు దాటుతుంది. రోజూ కాస్త కాస్త కరిగి పైన క్లాత్‌లోకి ఇంకింది, కింద అతుకు గుల్లయింది. మీ నాన్న అది గ్రహించాడా? లేదు. పలక కుంగిందనుకున్నాడు. కుంగిందని కాళ్ల కింద చెక్క పెచ్చులు దోపాడు. దాంతో అప్పటిదాకా సరిగ్గా ఉన్న మట్టం కూడా పోయింది. మట్టం పోయిందని బంతి మరీ గట్టిగా కొట్టడం, గట్టిగా కొడితే బంతి ఎగిరి గచ్చు మీద పడటం, అమ్మ కేకలు. ఒక్క తప్పు మందుకి విరుగుడుగా ఇంకో తప్పు మందు, దానికి ఇంకోటి. చివరికి మేమంతా కూర్చుని క్లాత్ పీకేసి, మైనం గోకేసి, పలకలు మళ్లీ మట్టం చేసి, అతుకులు నింపాల్సి వచ్చింది. మంచి క్లాత్ వృథా. రోగమల్లా గదిలో తేమ. కిటికీలు మూసి గదిని పొడిగా ఉంచితే తీరిపోయేది.

ఆ రాత్రి అన్నయ్య అన్నం తినలేదు. టేబుల్ పక్కనే నేల మీద పడుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. నువ్వు అచ్చం తన పోలికే, అనుకున్నది అయ్యేదాకా నిద్రపోవు. అందుకే నా భయం. నేను చెప్పానని మాత్రం అనకు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది: ఏసీ ఉంటే దానితోనో, గాలిలో తేమ లాగే యంత్రంతోనో గదిని కొన్ని రోజులు పొడిగా ఉంచి, అట్ట పరీక్ష మళ్లీ చెయ్యి. దూరం పెరిగితే నీ టేబుల్‌కి జబ్బే లేదు. పెద్ద పోటీల్లో కారమ్ (గుంటల్లేని టేబుల్ మీద ఆడే బిలియర్డ్స్), స్నూకర్ టేబుళ్ల పలకల్ని అడుగు నుంచి వేడి చేస్తూ ఉంచేది దీని కోసమే. నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె మాత్రం ఆ గదిలోకి రాకూడదు.

పొడిగా ఉన్నా ఈడుస్తోంటే, క్లాత్ మధ్యలో అరచెయ్యి ఆనించి ముందుకు తొయ్యి. చేతి ముందు ముడత లేచిందంటే క్లాత్ వదులైంది. వదులు క్లాత్ మీద బంతి తన ముందు చిన్న అల లేపుకుంటూ, దాన్ని ఎక్కుతూ పోవాలి, అందుకే అలసిపోతుంది. దాన్ని మళ్లీ లాగి బిగించడానికి కుషన్ చట్టాలు (కుషన్లు బిగించిన చెక్క ఫ్రేములు) తీస్తే చాలు, పలకలు కదపక్కర్లేదు. అలాగే క్లాత్ ఏ రకమో కూడా చూడు. చేత్తో నిమిరితే కంబళిలా నూగు తగిలితే అది పుట్టుకతోనే నెమ్మది, ఎంత దులిపినా పందెం గుర్రం కాదు. నున్నగా, నేత పోగులు కనిపిస్తుంటే వర్‌స్టెడ్. డబ్ల్యూపీఏ అని పూల్ ఆటకు ప్రపంచ సంఘం ఉందిలే, వాళ్లు పోటీలకు అడిగేది కనీసం 85 శాతం దువ్విన ఉన్ని ఉన్న వర్‌స్టెడ్. కొత్తది వెయ్యాల్సి వస్తే అదే వేయించు. పాత స్టేపుల్ పిన్నులు పీకేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, ఎగిరి వస్తాయి.

కుషన్ల సంగతి. అదే సంఘం చెప్పిన పరీక్ష ఒకటి ఉంది: హెడ్ స్పాట్ (ఆట మొదలుపెట్టే చివరనున్న చుక్క) మీద బంతి పెట్టి, ఫుట్ స్పాట్ (బంతులు పేర్చే చివరనున్న చుక్క) మీదుగా, క్యూ బంతి నడిమికి తగిలేలా గట్టిగా కొడితే, బంతి ఎగరకుండా కనీసం నాలుగు, నాలుగున్నర టేబుల్ పొడవులు తిరగాలి. నీది మూడు కూడా తిరగకపోతే కంగారుపడకు, రబ్బరు చచ్చిపోయిందని అప్పుడే అనుకోకు. ముందు టేబుల్ కిందికి దూరి చట్టాల బోల్టులు చూడు. ఒక్కటి వదులైనా ఆ చట్టం దెబ్బని మింగేస్తుంది. అన్నీ కొంచెం కొంచెంగా, వరసగా బిగించు. ఒక్కదాన్నే మొత్తం బిగించి తర్వాతి దానికి పోకు. తర్వాత కుషన్ ముక్కు ఎత్తు కొలువు. ప్రమాణం ప్రకారం బంతి వ్యాసంలో 62½ నుంచి 64½ శాతం ఉండాలి. 57.15 మిల్లీమీటర్ల బంతికి అది 35.7 నుంచి 36.9 మిల్లీమీటర్ల మధ్య. అంతకంటే ఎత్తులో ఉంటే బంతిని క్లాత్‌లోకి నొక్కేస్తుంది, వేగం అక్కడే చచ్చిపోతుంది. కిందికుంటే బంతి ఎగురుతుంది. ఇంతకుముందు వాళ్లు చట్టాలు తీసి సరిగ్గా కూర్చోబెట్టలేదేమో, అదీ చూడు.

అన్నీ సరిగా ఉండి, వేలితో నొక్కితే రబ్బరు రాయిలా ఉంటే, అప్పుడు మార్చాల్సిందే. పాత రబ్బరు ఆకారం చూసి అదే రకం తేవాలి. చల్లటి గదిలో మంచి రబ్బరు కూడా బిగుసుకుంటుందని మాత్రం మర్చిపోకు. రబ్బరును గంధకంతో కలిపి కాచి మన్నికగా చెయ్యడం రాని రోజుల్లో ఆటకు ముందు కుషన్లని వేడి నీళ్ల పాత్రలతో వెచ్చబెట్టుకునేవాళ్లట.

ఆదివారం లోపు నాకు పంపాల్సినవి: కడగకముందు, కడిగాక బంతి పోయిన దూరం, రెండు చివర్ల నుంచి దూరం, తిరిగిన పొడవులు, కుషన్ ముక్కు ఎత్తు, గది పొడిగా ఉన్నప్పుడు మళ్లీ అన్నీ. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు, నోటితో చెప్తే నాకు గుర్తుండదు. అవి చూసి క్లాత్ ఊడదీయాలో వద్దో చెప్తాను. ఊడదీయాల్సి వస్తే నేనూ మావయ్యా వస్తాం. చట్టాలకి నంబర్లు వేసి, ఏ బోల్టు ఎక్కడిదో కవర్లలో వేరుగా పెట్టుకుందాం. చట్టాలు పట్టుకోవడానికి నీ స్నేహితుల్లో చెప్పిన మాట వినేవాళ్లని ఇద్దర్ని పిలువు. చేతికి ఉంగరాలు ఉంటే తీసి రమ్మను.

టేపు పట్టడానికి మీ నాన్నని పిలుచుకో. కొలతలు తియ్యడంలో తనంత ఓపిక మన ఇంట్లో ఎవరికీ లేదు.

అత్త