అటక మీద దొరికిన తాతయ్య రేసింగ్ సైకిల్

ప్రశ్న: మా తాతయ్య కిందటేడాది పోయారు. బసవనగుడి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన రేసింగ్ సైకిల్ దొరికింది. వంపు హ్యాండిలు, సన్న చక్రాలు, తోలు సీటు, ఫ్రేము మీద సగం ఊడిన స్టిక్కరు, అందులో 531 అని అంకె. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు రేసులకి వెళ్లేవారట, అమ్మమ్మ చెప్తుంది, కానీ ఒక్క కప్పు గానీ ఫొటో గానీ మిగల్లేదు. షాపులో అడిగితే పౌడర్ కోటింగ్ (రంగు పొడి జల్లి వేడికి కరిగించే పెయింటు) చేయించండి, కొత్తదానిలా ఉంటుంది అన్నారు. చేయించొచ్చా? ఆయన ఎలాంటి రేసరో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: చేయించకండమ్మా. పౌడర్ కోటింగ్ వేడికి ఫ్రేము అతుకులు ఊడిపోవు, నా భయం అది కాదు, ముందు ఇసుకతో కొట్టి పాత రంగంతా గీకేస్తారు చూడండి, దాంతోపాటు ఆ స్టిక్కరు, ఆయన చేతి గీతలు, కేబుల్ రాసుకున్న చారలు అన్నీ పోతాయి. నా మొదటి రేసింగ్ సైకిల్‌కి చెన్నైలో నేను ఇదే పని చేయించాను, ఇప్పటికీ బాధే.

531 అంటే ఇంగ్లాండ్‌లో బర్మింగ్‌హామ్ రెనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన మాంగనీస్ మాలిబ్డినం స్టీలు గొట్టం. చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది, అలా చేసే పద్ధతికి వాళ్లు 1897లోనే పేటెంట్ తీసుకున్నారు, అతుకు దగ్గర బలం తగ్గకుండా బరువు మాత్రం తగ్గుతుంది. మన పాలసైకిల్ 20 కిలోలు దాటుతుంది, అప్పటి రేసింగ్ సైకిల్ దాదాపు 10 కిలోలే. (ఇంకో సంగతి, 1949లో మా చెన్నై అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఫ్యాక్టరీ పెట్టడానికి మురుగప్ప వ్యాపార కుటుంబంతో కలిసిన ఇంగ్లాండ్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతిలోనే అప్పట్లో ఈ రెనాల్డ్స్ కూడా ఉండేది.) స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు కాబట్టి గొట్టం లోపలికి దూరే సీటు కింద రాడ్డు వ్యాసం వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొలిపించండి, 27.2 మిల్లీమీటర్లు వస్తే పల్చటి 531 గొట్టమే అనడానికి మంచి గుర్తు.

కానీ రాడ్డు బయటికి లాగే ముందు ఒక పని చేయాలి, ఇది మాత్రం మర్చిపోకండి. క్రాంకు (పెడల్ బిగించే ఇనుప చేయి) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైకి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి రాసుకోండి, రాడ్డు మీద టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టండి. ఆ ఎత్తు తాతగారు తన కాలికి సరిపోయేలా పెట్టుకున్నది, ఒకసారి కదిలిపోతే ఇక చెప్పడానికి ఎవరూ లేరు. తోలు సీటు కూడా ఎక్కేవాళ్ల ఎముకలకి తగ్గట్టు ఏళ్ల తరబడి దిగుతుంది, ఆ రెండు గుంటలు ఆయనవే, నూనెలో నానబెట్టి పాడు చేయకండి.

తర్వాత చైను తిరిగే చక్రాల పళ్లు లెక్కపెట్టండి. ముందు 52, వెనక అన్నిటికంటే చిన్నది 14 అయితే పెడల్ ఒక్క పూర్తి చుట్టుకి దాదాపు 7.8 మీటర్లు పోతుంది, అది చదును రోడ్డు మీద వేగానికి. వెనక పెద్ద పళ్లచక్రం 26, 28 దాకా ఉంటే కొండలెక్కిన మనిషే అని నేను అనుకుంటాను, 1,478 మీటర్ల నంది హిల్స్ మీకు 60 కిలోమీటర్ల దూరంలోనే కదా. వెనక ఒకటే పళ్లచక్రం, ఫ్రీవీలు (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చేది) లేకుండా బిగించి ఉంటే వేరే కథ, ట్రాక్ మీదో టైమ్ ట్రయల్‌లోనో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) తొక్కి ఉంటారు. ఏ పళ్లు బాగా అరిగాయో కూడా చూడండి, ఆయన ఎక్కువ తొక్కిన గేరు అదే. చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే వెనక గేరు ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో వాళ్ల నువోవో రికార్డ్ అయితే దాని మీద పేటెంట్ అనే మాట పక్కన రెండంకెలు ఉంటాయి, 73 ఉంటే 1973లో తయారైందని. అమ్మమ్మగారిని ఆ ఏడాది చెప్పి అడగండి, చాలా గుర్తొస్తాయి.

విప్పేవాళ్లకి ఒక మాట చెప్పండి, ఇంగ్లీష్ ఫ్రేము అయితే క్రాంకు ఇరుసుని ఫ్రేములో పట్టి ఉంచే కుడివైపు కప్పుకి రివర్స్ మర ఉంటుంది, ఎడమ పెడల్‌కి కూడా, తెలియక బలం పెడితే మరలే పోతాయి. తొక్కాలనుకుంటే హ్యాండిలు, దాన్ని ఫ్రేముకి పట్టే స్టెమ్ము మాత్రం కొత్తవి వేయించండి, పాత అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది. పాతవి పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టండి.

ప్రశ్న: నా పాత రేసింగ్ సైకిల్‌కి 27 ఇంచీల టైర్ దొరకట్లేదు, మామూలు 28 వేయొచ్చా? (ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై)

జవాబు: కూర్చోదండి. టైరు అంచు కూర్చునే చోట మీ రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, మన 28 ఇంటూ ఒకటిన్నర టైరుది 635, ఆ 5 మిల్లీమీటర్లకే టైరు గాలి కొట్టగానే రిమ్ము దాటి వచ్చేస్తుంది. 700సీ (ఇప్పటి రేసింగ్ సైకిళ్ల సైజు) చక్రాలకి మారొచ్చు, వాటిది 622, తేడా 8లో సగం కాబట్టి బ్రేక్ షూ 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. షూ పైకీ కిందికీ జరిగే మీ బ్రేక్ గాడిలో అంత చోటుందో లేదో చూసుకున్నాకే చక్రాలు కొనండి.