రాండమ్ వేపాయింట్ చాలదా, పరిచయాలు కూడా మోడల్‌లోకి రావాలా?

టవర్లు లేనిచోట ఫోన్ నుంచి ఫోన్‌కి మెసేజ్ చేరవేసే నెట్‌వర్క్‌ని సిమ్యులేట్ చేయడానికి రాండమ్ వేపాయింట్ అనే కదలికల మోడల్ సరిపోతుందా, ఎవరికి ఎవరు తెలుసో కూడా చూసుకోవాలా అని అడిగారు. చూసుకోవాలి. కొన్నాళ్లు ఈ పనే చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

రాండమ్ వేపాయింట్‌లో నోడ్, అంటే ఫోన్ పట్టుకున్న మనిషి, ఏదో ఒక చోటు ఎంచుకుని, ఏదో ఒక వేగంతో నేరుగా వెళ్లి, కాసేపు ఆగి, మళ్లీ బయల్దేరుతుంది. కనీస వేగం సున్నా దగ్గర ఉంచితే రన్ సాగేకొద్దీ సగటు వేగం పడిపోతూ ఉంటుంది. 2003లోనే యూన్, లియు, నోబుల్ అనే పరిశోధకులు దీన్ని చూపించారు. అది సెట్టింగ్ మారిస్తే పోయే జబ్బు. పోనిది వేరే ఉంది: అక్కడ ఎవరికైనా ఎవరైనా ఒకటే. మనమేమో రోజూ కలిసేది కొద్దిమందినే. పరిచయాలను వాడుకునే బబుల్ ర్యాప్ లాంటి రౌటింగ్‌కి, అంటే మెసేజ్‌ని ఎవరి చేతికివ్వాలో తేల్చే పద్ధతికి, ఆ మోడల్‌లో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నా రన్స్‌లో అలాంటి ప్రోటోకాల్స్‌కి దానిమీద పెద్ద లాభం కనబడలేదు, మోడల్ మార్చాకే తేడా తెలిసింది.

ముసొలేసి, మాస్కోలోల కమ్యూనిటీ మోడల్‌లో ముందు స్నేహబలాల మ్యాట్రిక్స్ రాసుకుని, గుంపులు విడదీసి, ఒక్కో గుంపుని గ్రిడ్‌లో ఒక్కో గడిలో పెడతారు. తన స్నేహితులు ఉన్న గడి వైపు నోడ్ వెళ్తుంది. బాగానే ఉంది కానీ, స్క్రీన్ మీద కదలికలు చూడండి: ఒక నోడ్ పక్క గడికి వెళ్లగానే దాని స్నేహితులు, వాళ్ల స్నేహితులు గొర్రెల మందలా వెనకే బయల్దేరతారు, సొంత గడి ఖాళీ! బోల్డ్రిని, పసరెల్లాల హెచ్‌సీఎంఎం (HCMM) అనే మోడల్ దీన్ని సరిచేసింది. అందులో లాగేది స్నేహితుడు ఇప్పుడున్న చోటు కాదు, అతని సొంత గడి. మీరు దానితోనే మొదలుపెట్టండి.

ఏది వాడినా, ఒకే జంట మళ్లీ కలవడానికి పట్టే సమయం ఫలానా విలువను దాటే సంభావ్యతను లాగ్-లాగ్ గ్రాఫ్‌లో (రెండు అక్షాలూ లాగరిథమ్ స్కేల్‌లో) గీయండి. నిజం మనుషుల డేటాలో సుమారు సగం రోజు వరకు అది పవర్ లా లాగా, అంటే ఆ గ్రాఫ్‌లో సరళరేఖలా సాగి, ఆ తర్వాత ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే ఇంకా వేగంగా పడుతుంది. మొదటి భాగం మీ గ్రాఫ్‌లో లేకపోతే రౌటింగ్ ఫలితాల జోలికి వెళ్లకండి.

టవర్ల మీద లోడ్ అంచనా వేయడమే మీ పనైతే ఇంత స్నేహబంధం అక్కర్లేదు. ఇల్లు, ఆఫీసు, సాయంత్రం షికారు ఉన్న వర్కింగ్ డే మోడల్ చాలు, వన్ (ONE) అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో సిద్ధంగానే ఉంది.